చాంద్‌బీ గోడ మీది జాయింటు

మా ఇంటి పై అంతస్తులో స్నానాల గది మరమ్మతు జరుగుతోంది. ప్లంబరు అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా మూత తీసి, అందులో కుంచె ముంచి పైపు మూతికి రాయగానే ఆ వాసన మెట్లు దిగి కిందికి వచ్చింది. మొదట బాగా మగ్గిన అరటిపండులా తియ్యగా తగిలి, వెంటనే ముక్కులో సూదిలా గుచ్చుకునే వాసన అది. మా అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరిచింది. నేను మాత్రం తరుగుతున్న బీరకాయలు అక్కడే వదిలేసి, పైకి పోయి, ఆ డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చిన్నతనం గుర్తొచ్చే వాసన ఏదంటే మల్లెపూలని కొందరు, తొలకరి మట్టి అని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. నాకు మటుకు ప్లాస్టిక్ పైపు అతికించే సొల్యూషన్. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. నేను పైపుల మేస్త్రీ కూతుర్ని.

మేం అప్పుడు సిద్దిపేట పాత ఊళ్లో, పైనుంచి కిందికి జారే ఒక వాడలో ఉండేవాళ్లం. అన్నిటికంటే ఎత్తున మా ముత్తాత తవ్వించిన చేదబావి, దాన్ని ఆనుకుని చాంద్‌బీ ఇల్లు, ఆ తర్వాత మా చిన్నతాత వాళ్ల ఇల్లు, అందరికంటే పల్లంలో మా ఇల్లు. ఆ రోజుల్లో నీళ్లకు చూపుతో కాదు, నాలుకతో పేరు పెట్టేవాళ్లం. వాడ మధ్యన ఉన్న బోరింగ్ కొడితే వచ్చేవి ఉప్పునీళ్లు. వాటితో వండితే కందిపప్పు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉడికినా పలుకు పలుకుగానే ఉండేది, సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కట్టేది, చాయ్ తాగితే ఎవరో కోపంగా కాచినట్టుండేది. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో నల్లాకే తెలియదు. వచ్చాయని ఒక్కరు కేకేస్తే చాలు, వాడంతా బిందెలతో ఉరికేది. ఇక బావి నీళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం కచ్చకాయలు ఆడి ఆడి వచ్చి, మట్టికుండలోంచి ఒక చెంబెడు ఆ నీళ్లు ఎత్తి పోసుకుంటే, గొంతు దిగి కడుపులో ఎక్కడిదాకా పోయాయో తెలిసిపోయేది. బెల్లం వేయకుండానే తియ్యనివి ఆ నీళ్లు.

బాపు పని ఇనుప పైపులది. ఊళ్లో నల్లాలు బిగించడం, పల్లెల్లో బోరింగులు చెడిపోతే బాగుచేయడం. సైకిల్ వెనక పైపు పాన, ఒక సంచిలో జాయింట్లకు చుట్టే జనపనార, పైన పూసే తెల్ల ముద్ద సఫేదా డబ్బా కట్టుకుని తెల్లారకముందే తొగుట దిక్కో చేర్యాల దిక్కో బయలుదేరేవాడు. ఇంటి దగ్గర పని ఉన్న రోజు మాకు పండగ. పైపును బిగించి దాని మూతికి చూడీలు కొడుతుంటే, అంటే ఒకదాన్నొకటి పట్టుకోవడానికి మరలు చెక్కుతుంటే, నూనె పోసే పని నాది. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలేది. చల్లారాక వాటిని ఏరుకుని బొమ్మల పెళ్లిళ్లలో పెళ్లికూతురికి వడ్డాణాలు పెట్టేవాళ్లం. ఇనుమంటే బాపుకు ప్రాణం. కానీ మా ఊరి ఉప్పునీళ్లకు ఇనుమంటే అంత మర్యాద లేదు. నాలుగేళ్లు తిరగకముందే పైపు లోపల సున్నం పేరుకుని, రూపాయి బిళ్ల దూరే సందు పల్లీగింజ దూరనంతగా పూడిపోయేది. బయట తుప్పు పొరలు పొరలుగా లేచేది. కోసి తీసిన పాత ముక్కను చూపించి, మనిషికి ముసలితనం రాదా, పైపుకూ అంతే అనేవాడు. దానికి మందు లేదనే ఆయన నమ్మకం.

నాయినమ్మ ఎన్నడూ నల్లా నీళ్లు తాగలేదు. ఆమెకు మడి ముఖ్యం. నల్లాలో నీళ్లు ఆపే బిళ్ల తోలుదని, బోరింగ్ గొట్టంలో పైకీ కిందికీ ఆడేవీ తోలు బిళ్లలేనని ఆమెకు కన్నకొడుకు చేతి పని వల్లే తెలిసింది. పశువు తోలు తగిలిన నీళ్లతో దేవుడికి దీపం పెట్టేదెట్లా, అన్నం వండేదెట్లా అని ఆమె లెక్క. అందుకని దేవుడికీ వంటకూ తాగడానికీ మా ఇంట్లో బావి నీళ్లే. అమ్మ రోజూ పొద్దున స్నానం చేసి, తడిచీరతో, ఇత్తడి బిందె ఒకటి నెత్తిన ఒకటి చంకన పెట్టుకుని, ఆ ఏటవాలు రాళ్ల బాట మీద నాలుగు సార్లు ఎక్కి దిగేది. చలికాలంలో ఆమె పళ్లు టకటకలాడటం నేను దుప్పట్లోంచి వినేదాన్ని.

చాంద్‌బీ నాయినమ్మ ఈడుదే. పెళ్లయి ఇద్దరూ ఒకే ఏడు ఆ వాడకు వచ్చారట. చాంద్‌బీ బొంతలు కుట్టేది. వాడలో ఎవరి చీర చిరిగినా చివరికి ఆమె దగ్గరికే చేరేది. పాత చీరలు నాలుగు మడతలు పరిచి, వరి నాటు వేసినంత వరసగా కుట్లు వేసుకుంటూ పోయేది. మా ఇంట్లో మేం కప్పుకున్న బొంతలన్నీ నాయినమ్మ చీరలే, చాంద్‌బీ కుట్లే. ప్రతి మధ్యాహ్నం నాయినమ్మ పైకి పోయి గోడకు ఇవతల నిలబడేది, ఆమె అవతల. మోకాళ్ల నొప్పుల గురించి, కోడళ్ల గురించి, ఆ ఏటి చింతపండు గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. పీర్ల పండగకు చాంద్‌బీ పంపిన ఖర్జూరాలు, బెల్లం నాయినమ్మ కళ్లకద్దుకుని తీసుకునేది, బతుకమ్మకు మా ఇంటి సత్తుపిండి అక్కడికి పోయేది. నీళ్లు తగలని వస్తువుకు అంటు లేదు. నీళ్లు తగిలితే ఉంది. అదీ నియమం.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా దాటేస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది. ఆ తియ్యటి బావి చాంద్‌బీ గుమ్మానికి పది అడుగుల దూరంలో ఉండేది, కానీ ఆమె దాన్ని ముట్టడానికి లేదు. మా గిరక చప్పుడు రోజూ వింటూ, బిందె పట్టుకుని వాడ మధ్యకు దిగి, బోరింగ్ కొట్టుకుని ఉప్పునీళ్లు మోసుకుపోయేది. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే తల వంగుతుంది.

నాకు పదేళ్లప్పటి చైత్రమాసంలో, ఉగాది అయిన నాలుగో రోజు, అమ్మ రాళ్ల బాట మీద జారిపడింది. బిందెలు రెండూ దొర్లుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాయి గానీ అమ్మ రాలేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. దవాఖానలో పిండికట్టు వేసి, చెయ్యి కదిలించొద్దు, బరువు ముట్టొద్దు అన్నారు. అదే పెద్ద కష్టం అనుకున్నాం గానీ అసలు కష్టం మర్నాడు మొదలైంది. బోరింగ్ నీళ్లతో వండిన అన్నం నాయినమ్మ ముట్టలేదు.

నాలుగు రోజులు బాపే పొద్దున స్నానం చేసి బిందెలు మోశాడు. అయిదో రోజు వంగి బిందె దింపుతుంటే ఆయన చొక్కా జేబులోంచి బోరింగ్ తోలు బిళ్ల ఒకటి జారి నాయినమ్మ కాళ్ల దగ్గర పడింది. "తోలు ముట్టిన చెయ్యి నా బిందెను ముట్టద్దు" అంది, అంతే. ఆ బిందెడు నీళ్లు చెట్టుకు పోయాయి. నేను బావిలోంచి చేదడానికి చేదగలను గానీ ఆ బాట మీద చెంబుకు మించి మోయలేను. నాయినమ్మ తానే పోయి అరబిందె తెచ్చుకుని, దారిలో మూడు చోట్ల కూలబడింది. తర్వాత ఒంటిపూట, ఆ తర్వాత మామిడిపండు ముక్క, గుప్పెడు పేలాలు. ఎవరెంత బతిమాలినా ఆకలి లేదనేది. పది రోజుల్లో ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారసాగాయి. తల్లి ముందు కంచం పెట్టి బాపు కళ్లనీళ్లు తుడుచుకోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. అమ్మ మాత్రం ఏడ్వలేదు. పిండికట్టు ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది.

అమ్మ పుట్టిల్లు చంద్లాపూర్. మా మేనమామ మిరపతోటకు అంతకు ముందటి ఏడే ప్లాస్టిక్ పైపు వేశాడు. కాలువ తవ్వితే దారిలోనే సగం నీళ్లు భూమి తాగేసేదని, పైపు వేశాక బావిలో తోడినదంతా చెట్టు మొదట్లోనే పడుతోందని అమ్మ చూసి వచ్చింది. బావి దగ్గర ఒక గోలెం కట్టి, దాని అడుగున పైపు పెట్టి, గోడల వెంట మన వంటింటి దాకా తెస్తే మోసే పనే ఉండదు కదా, నీళ్లు ఎట్లాగూ పల్లానికే వస్తాయి, చేదడానికి పిల్ల ఉంది అని చెప్పింది. బాపు నవ్వాడు. ప్లాస్టిక్ అంటే ఆయన దృష్టిలో జాతరలో పిల్లలకు కొనే బొమ్మ. ఇనుపదే వేస్తానన్నాడు. అమ్మ ఒక్కొక్కటిగా లెక్క చెప్పింది. ఇనుప పైపు జాయింటుకు నార చుడతారు, సఫేదా పూస్తారు, ఆ సఫేదాలో ఏ కొవ్వు కలుస్తుందోనని అత్తమ్మ అడుగుతుంది. నాలుగేళ్లకు తుప్పు నీళ్లొస్తాయి. పైగా ఆ బరువుకు చిన్నతాత వాళ్ల మట్టిగోడ పడుతుంది. "మా అన్న ఇరవై అడుగుల పైపు ఒక్క చేత్తోని ఎత్తుకొస్తడు" అంది చివరికి. తల్లి గాజులు గుర్తొచ్చాయో ఏమో, బాపు ఇనుప పైపు మాట వదిలేశాడు.

బూడిదరంగు పైపులు ఎడ్లబండి మీద వచ్చిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. బండివాడు దింపేలోపే అమ్మ, పిండికట్టు చెయ్యి మెడకు వేలాడుతుండగానే, ఎడమ భుజం మీద ఒక పూర్తి పైపు పెట్టుకుని వాకిట్లోకి నడిచి వచ్చింది. వాడలో ఆడవాళ్లు పనులు మానుకుని చూశారు. అదే ఇనుపదైతే ఇద్దరు మగవాళ్లు కావాలి. నేనూ తమ్ముడూ చెరొక మూతి దగ్గర కూర్చుని, ఒకరు నోరు పెడితే ఒకరు చెవి పెట్టి, సాయంత్రం దాకా టెలిఫోన్ ఆట ఆడాం. గుసగుసగా చెప్పిన మాట ఇరవై అడుగుల అవతల చెవిలో ఊదినట్టు వినిపించేది. పైపులు కొన్ని చాంద్‌బీ వాకిట్లో దింపారు కాబట్టి అక్కడా ఆడాం, ఆమె కూడా పని మధ్యలో ఒకసారి వంగి పైపులో నోరు పెట్టి, "బిర్యానీ కావాల్నా?" అని నన్ను అడిగి మురిసిపోయింది.

మొదటి పైపును బాపు ఇనుప పద్ధతిలోనే బిగించాడు. నార చుట్టి, పాన పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. అది కందికట్టెలా ఫట్టుమని నిలువునా పగిలింది. అంత పేరున్న మేస్త్రీ, తన వాకిట్లోనే, అందరి ముందు. అప్పుడు అమ్మ నన్ను గడ్డి తెమ్మంది. మంట వేయించి, పైపు మూతిని సెగకు చూపుతూ వంకాయ కాల్చినట్టు తిప్పుతూనే ఉండమంది. "నిలిపితే మాడుతది, తిప్పితే మెత్తవడుతది. మా అన్న గిట్లనే చేస్తడు" అంది. మెత్తబడ్డ మూతిలోకి రెండో పైపు దూర్చి, వెడల్పయ్యాక తీసి, సొల్యూషన్ పూసి, మళ్లీ దూర్చి, ముప్పై లెక్కపెట్టే దాకా కదలకుండా పట్టుకోవాలి. రెండు మూతులు మాడ్చాక మూడోది బాపు చేతిలో సరిగ్గా కూర్చుంది. ఆయన దాన్ని లాగాడు, వంచాడు, కాలితో తన్నాడు. అది ఊడలేదు. అమ్మ వైపు ఒకసారి చూసి, తర్వాతి పైపు అందుకున్నాడు. బాపు అమ్మ దగ్గర పని నేర్చుకున్న ఆ సాయంత్రమంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

పైపు పోవాలంటే చాంద్‌బీ గోడ మీదుగా పోవాలి. బాటలో పాతితే బండ్ల కింద నలుగుతుంది. బాపు మొహమాటపడుతూ పోయి అడిగితే, "పెట్టుకో బేటా. గోడ ఊకెనే నిలవడ్డది గద, జర పని జేస్తది" అంది ఆమె. తన గోడ మీద పోయే నీళ్లలో తనకో చెంబు కావాలని అడగలేదు. నాయినమ్మ గోడకు ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. ఆ గోడ మీద జాయింటు ఉండకూడదు. ఎక్కడైనా గాలి దూరితే, ఎవరి చెయ్యైనా తగిలితే, మడి పోతుందని ఆమె భయం. పైపేమో ఇరవై అడుగులది, చాంద్‌బీ గోడ ముప్పై అడుగులది. జాయింటు సరిగ్గా ఆమె గోడ మధ్యలోనే పడింది. అది తప్పదని అందరూ చెప్పాక నాయినమ్మ కొంచెం దిగివచ్చింది. సరే, అయితే కొత్త గిన్నెలు ఎట్లా కడుగుతామో పైపునూ అట్లాగే కడగాలి. సలసల కాగే నీళ్లు పోసి, అవి పోయాకే బావి నీళ్లు.

కొత్త ఇత్తడి కొన్నా, రాగి కొన్నా మరిగే నీళ్లు పోయకుండా మా ఇంట్లో వాడేవాళ్లం కాదు. అందుకని ఎవరికీ ఇందులో తప్పు తోచలేదు. అతికించినవి ఒక రోజు ఆరనిద్దామని అమ్మ అంది గానీ, మర్నాడు దశమి, మంచిరోజు. పొద్దున తొమ్మిది దాటి ఎండ ఎక్కాక, బావి గద్దె పక్కన మూడు రాళ్లు పెట్టి, రెండు కాగుల నిండా నీళ్లు మరిగించి, బాపు వాటిని గోలెంలో కుమ్మరించాడు. నేను వంటింట్లో నాయినమ్మ పక్కన ఉన్నాను. ఆమె తడిచీరతో, పసుపు రాసిన బిందె పైపు మూతి కింద పెట్టుకుని, పీట మీద కూర్చుంది. చాలాసేపు చూశాం. నీళ్లు రాలేదు. ఆవిరి కూడా రాలేదు.

నాయినమ్మ వంగి పైపు మూతికి చెవి ఆనించింది. అప్పుడు, నీళ్లకు బదులు, పైపులోంచి ఒక గొంతు వచ్చింది. పక్కన ఉన్న నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

"అక్కా, పైపు ఊడింది. నేను పట్టుకుంట, ఫికర్ చెయ్యకు."

మండే ఎండ పైన, మరిగే నీళ్లు లోన. ప్లాస్టిక్ పైపు మేకుకూ మేకుకూ మధ్య మెత్తబడి పొట్లకాయలా వేలాడి, ఇంకా పచ్చిగా ఉన్న జాయింటు దగ్గర ఊడి, కాగే నీళ్లు చాంద్‌బీ వాకిట్లో పడుతున్నాయట. పైనున్న బాపుకు అది కనబడదు, పొయ్యి చిటపటల్లో ఆమె కేకా వినబడలేదు. ఆయన రెండో కాగు ఎత్తుతున్నాడు. మాట చెప్పడానికి చాంద్‌బీకి మా టెలిఫోన్ ఆట గుర్తొచ్చింది.

నాయినమ్మ మొహం నేను చూస్తూనే ఉన్నాను. ఆ పైపు ఎంగిలైందని గానీ, నీళ్లు పాడయ్యాయని గానీ ఆమె అనలేదు. చెవి తీసి, అదే మూతికి నోరు పెట్టి, నేను అంతకు ముందెన్నడూ వినని పేరుతో పిలిచింది. "చాందూ, చేతులు కాల్తయే. ఇడిసిపెట్టు."

చాంద్‌బీ విడిచిపెట్టలేదు. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి ఆమె తాను కుడుతున్న బొంతను చేతులకు చుట్టుకుని, మెత్తబడిన రెండు మూతులనూ ఒకదాంట్లోకి ఒకటి దూర్చి, గోడకు ఒళ్లు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని పట్టుకుని ఉంది. నేను అరిస్తే బాపు కాగు దించి, చన్నీళ్లు చేది గోలెంలో పోశాడు. బిందె తర్వాత బిందె పోస్తూనే ఉన్నాడు. పైపు ఆమె చేతుల్లోనే చల్లబడి, ఆమె పట్టుకున్న ఆకారంలోనే గట్టిపడింది. బొంత విప్పి చూస్తే, జాయింటు చుట్టూ చుక్క పక్కన చుక్కగా ఆ కుట్ల వరసలు అచ్చుపడి ఉన్నాయి. కింద వంటింట్లో బిందె నిండి పొర్లుతోందని తమ్ముడు కేక పెట్టాడు.

ఆ మధ్యాహ్నం నాయినమ్మ వెన్నగిన్నె పట్టుకుని, గోడలు పట్టుకుంటూ పైకి ఎక్కింది. గోడకు ఇవతల ఆగలేదు. చాంద్‌బీ వాకిట్లోకి పోయి, ఆమె అరచేతులు తన ఒళ్లో పెట్టుకుని వెన్న రాసింది. ఇంటికి వచ్చాక నాయినమ్మ తల మీద నీళ్లు పోసుకుంటుందేమోనని నేనూ అమ్మా చూశాం. ఆమె కాళ్లు కడుక్కుని, పొయ్యి అంటించి, ఆ బిందెలో నీళ్లతోనే ఎసరు పెట్టింది. కందిపప్పు మెత్తగా ఉడికింది. పదిహేను రోజుల తర్వాత మా నాయినమ్మ కడుపునిండా అన్నం తిన్నది.

సాయంత్రం బాపు రంపం తీశాడు. ఆ జాయింటు పద్ధతిగా లేదు, వంకరగా ఉంది, కోసి కొత్త ముక్క వేసి మళ్లీ అతికిస్తానని తల్లితో అన్నాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"కారుతున్నదా?"

"కారుతలేదు అవ్వా."

"మరి ఎందుకు కోసుడు?"

వారం తర్వాత నాయినమ్మ ఇంకో మాట తెచ్చింది. రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లు మడికి పనికిరావట. పొద్దున్నే వాటిని బయటికి వదిలెయ్యాలట, అందుకోసం చాంద్‌బీ గోడ దగ్గర ఒక నల్లా పెట్టాలట. బాపు ప్లాస్టిక్ నల్లా ఒకటి తెచ్చి, విప్పి, లోపల ఉన్నది రబ్బరు బిళ్లే గానీ తోలు కాదని ఆమె అరచేతిలో పెట్టి చూపించాడు. నిలవ నీళ్లు వదలాలంటే అందరికంటే పల్లంలో ఉన్న మా ఇంట్లో వదలాలి గానీ, ఎత్తున ఉన్న చాంద్‌బీ ఇంటి దగ్గర వదిలితే ఏం లాభం? ఈ సంగతి పైపుల మేస్త్రీకి తెలియదా, మేస్త్రీ తల్లికి తెలియదా? కానీ బాపు కిక్కురుమనకుండా నల్లా బిగించాడు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మొదట్లో రోజూ ఒక బిందెడు నిలవ నీళ్లు పోయేవి. తర్వాత రెండు. ఎండలు ముదిరాక నాయినమ్మ మా ఇంటి మూతి కింద వేలు పెట్టి చూసి, పైన గిరక దగ్గరున్న నాకు వినబడేలా, "ఇంక వెచ్చగనే ఉన్నయి, ఇంకో నాలుగు బిందెలు పోనియ్యే" అని కేకేసేది. చాంద్‌బీ ఇంట్లో కుండలు, బిందెలు, చివరికి నమాజుకు ముందు వజూ చేసుకునే చెంబు కూడా నిండేవి. ఆ నీళ్లు చేదింది నేను. నా అరచేతుల్లో తాడు కాయలు కాసేవి, వాటిని బడిలో అందరికీ చూపించుకుని తిరిగేదాన్ని.

అమ్మ చెయ్యి అతుక్కుంది గానీ మళ్లీ ఆ బాట మీద బిందె ఎత్తలేదు. ఆ ఏడాది దసరా నాటికి బాపు చూడీల అచ్చు గూట్లో పెట్టేశాడు. ఊళ్లో సగం ఇళ్లకు ప్లాస్టిక్ పైపు వేసింది ఆయనే. తుప్పు పట్టదని, సున్నం పట్టినా ఇనుపదాన్ని పట్టినట్టు పట్టదని, ఒక్క మనిషి మోయొచ్చని, నార లేదు సఫేదా లేదని ఇంటింటికీ చెప్పేవాడు. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దని, అడగకపోయినా చెప్పేవాడు. తనకు ఇది ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే, ఇంట్లో ఉన్న అమ్మ వైపు చూపించేవాడు.

తర్వాత కొన్నేళ్లకు డ్యాము నీళ్లు వచ్చాయి. ఇంటింటికీ నల్లా వచ్చింది. గిరక తుప్పుపట్టింది, బావి మీద బండ పరిచారు, ఇప్పుడు దాని మీద మోటారు సైకిళ్లు పెడుతున్నారు. నాయినమ్మ పోయింది, ఆమె వెనక రెండేళ్లకు చాంద్‌బీ పోయింది. నీళ్లను నాలుక మీద వేసుకుని ఇది ఫలానా బావిది అని చెప్పగలిగినవాళ్లు మా వాడలో ఇప్పుడు ఎవరూ లేరు. చాంద్‌బీ ఇల్లు పడగొట్టి పెద్ద భవనం కడుతున్నప్పుడు నేను పోయి ఆ గోడ మీది జాయింటును, అటు జానెడు ఇటు జానెడు కోయించి తెచ్చుకున్నాను. అది మా అటక మీద ఉంటుంది.

ఇవాళ ప్లంబరు తన పని కోసం అటక మీది సామాను దించుతుంటే అది అతని చేతికి వచ్చింది. వేడినీళ్లకు వేరే పైపు వేస్తున్నాడు, కాగే నీళ్లు పోసినా ఇది మెత్తబడదని నాకు చెబుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. అతను ఆ వంకర ముక్కను అటూ ఇటూ తిప్పి, చుట్టూ ఉన్న కుట్ల అచ్చును గోటితో గీకి చూశాడు.

"ఎవరు చేసిన్రక్కా గీ జాయింటు? గిట్ల చేస్తే నిలుస్తదా?"

నేను దాన్ని తీసుకుని, ఒక మూతిని అరచేత్తో గట్టిగా మూసి, నల్లా కింద పట్టి నింపాను. నిండిన పైపును అతని కళ్లకు ఎదురుగా నిలువుగా ఎత్తి పట్టుకున్నాను. అతను చూస్తూ నిలబడ్డాడు, నేనూ చూశాను. ఆ కుట్ల దగ్గర ఒక్క చుక్క కూడా చెమ్మగిల్లలేదు.

"నిలిచింది" అన్నాను.